రోసెట్టా రాయి వెనకున్న పిల్ల ఫారో: ఐదో టాలెమీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఐదో టాలెమీ అంటే ఎవరు?

క్రీ.పూ. 204 నుంచి 180 వరకు ఈజిప్టును ఏలిన ఫారో. పుట్టింది క్రీ.పూ. 210 అక్టోబరు 9న. తండ్రి నాలుగో టాలెమీ, తల్లి మూడో అర్సినోయీ. వాళ్ళిద్దరూ తోడబుట్టినవాళ్ళే, ఆ వంశంలో అలాంటి పెళ్ళిళ్ళు అప్పటికే మొదలయ్యాయి. 'ఎపిఫానెస్' (ప్రత్యక్షమైన దేవుడు) అనేది ఇతని బిరుదు. క్లియోపాత్రా అంటే అందరికీ తెలుసు, ఐదో టాలెమీ అంటే ఎవరికీ తెలియదు. కానీ స్కూలు పుస్తకాల్లో అందరం చూసిన రోసెట్టా రాయి మీద ఉన్నది ఈ రాజు గురించే. రాసిన రోజుకి అతనికి పదమూడేళ్ళు. ఆ రాయిని ప్రాచీన ఈజిప్టు లిపి తాళం తీసిన రాయిగానే చెప్పి వదిలేస్తుంటారు. దాని మీద రాసింది చదివితే మాత్రం ఒక రాజ్యం ఎంత భయంలో ఉందో కనిపిస్తుంది. ఈ పేజీ రాయడానికి కారణం అదే.

గ్రీకు వంశంవాళ్ళు ఫారోలు ఎలా అయ్యారు?

అలెగ్జాండర్ చనిపోయాక అతని సేనానులు సామ్రాజ్యాన్ని పంచుకున్నారు. మాసిడోనియాకి చెందిన టాలెమీ అనే సేనానికి ఈజిప్టు దక్కింది. క్రీ.పూ. 305లో అతను రాజునని ప్రకటించుకున్నాడు. అప్పట్నుంచి క్రీ.పూ. 30 వరకు, అంటే చివరి క్లియోపాత్రా చనిపోయేదాకా, ఆ వంశమే ఏలింది. రాజధాని అలెగ్జాండ్రియా. దర్బారులోనూ, సైన్యంలోనూ, పై స్థాయి కచేరీల్లోనూ గ్రీకే నడిచేది. గుళ్ళ గోడల మీద మాత్రం వీళ్ళు పాత ఫారోల వేషంలోనే, ఈజిప్టు దేవుళ్ళకి నైవేద్యం పెడుతూ కనిపిస్తారు.

అంత చిన్నపిల్లాడికి పట్టం ఎందుకు కట్టారు?

క్రీ.పూ. 204లో తండ్రి చనిపోయాడు. పిల్లాడికి ఇంకా ఆరేళ్ళు నిండలేదు. అలాంటప్పుడు పెత్తనం తల్లిది కావాలి. అర్సినోయీ రాజు భార్య మాత్రమే కాదు, రాజు కూతురు కూడా. ప్రజలకి ఆమె మీద గౌరవం ఉండేది. సరిగ్గా అందుకే ఆమె బతికుంటే తమ ఆటలు సాగవని ఇద్దరు దర్బారీలకి అర్థమైంది. ఒకడు సోసిబియస్, ఏళ్ళ తరబడి మంత్రిగా చక్రం తిప్పినవాడు. రెండోవాడు ఆగాథోక్లీస్, చనిపోయిన రాజు ఉంపుడుగత్తె ఆగాథోక్లియాకి అన్న. ఇద్దరూ కలిసి రాజు చావుని కొన్నాళ్ళు దాచిపెట్టారు, రాణిని చంపించారు.

తర్వాత రాజభవనం ముందు వేదిక కట్టించి, సైన్యాన్ని పిలిపించి, రాజూ రాణీ ఇద్దరూ పోయారని చెప్పారు. రెండు వెండి కలశాలు చూపించారు. ఒకదాంట్లో నిజంగానే రాజు అస్థికలున్నాయి. రాణిదని చూపించిన కలశంలో ఉన్నవి ఉత్త సుగంధ ద్రవ్యాలు. ఈ సంగతి రాసింది గ్రీకు చరిత్రకారుడు పోలీబియస్. చూపించడానికి ఆమె అస్థికలు కూడా లేవు. అంత గుట్టుగా ఆమెని మాయం చేశారు. ఆ రోజే పిల్లాడి తలకి కిరీటం పెట్టి, సైనికులకి రెండు నెలల జీతం ఇచ్చారు.

అలెగ్జాండ్రియా అల్లర్లు ఎందుకు జరిగాయి?

రాణి ఎలా చచ్చిందో ఊరికి తెలియకుండా ఉంటుందా? సోసిబియస్ కొద్దికాలంలోనే కన్నుమూశాడు. ఆగాథోక్లీస్ ఒక్కడే మిగిలి, పేరున్న అధికారుల్ని దూరదేశాలకి పంపేసి ఆ చోట్లలో తనవాళ్ళని కూర్చోబెట్టాడు. సరిహద్దులో పెలూసియం కోటకి సేనాని అయిన ట్లెపోలెమస్ అతనికి ఎదురుతిరిగాడు. రాజధానికి ధాన్యం, సరుకులు వచ్చే దారి ట్లెపోలెమస్ చేతిలో ఉంది.

అప్పుడు ఆగాథోక్లీస్ మాసిడోనియా సైనికుల్ని పోగుచేసి, పిల్ల రాజుని చేతుల్లోకి ఎత్తుకుని ఏడ్చాడు. ఈ బిడ్డని చనిపోతూ తండ్రి మీకే అప్పగించాడు, కాపాడండి అని వేడుకున్నాడు. సైనికులు వినలేదు, ఎగతాళి చేసి పంపారు. క్రీ.పూ. 203, 202 ప్రాంతంలో ఒక రాత్రి ఊరు ఊరంతా దివిటీలతో రాజభవనం చుట్టూ చేరింది. రాజుని బయటికి తీసుకురమ్మని ఒకటే కేక. ఆగాథోక్లీస్ పిల్లాడిని వెంటబెట్టుకుని భవనంలోని ఒక సొరంగం లాంటి వసారాలో, ఊచల తలుపుల వెనక దాక్కున్నాడు. చివరికి పిల్లాడిని వదలక తప్పలేదు.

తర్వాత జరిగినదాన్ని పోలీబియస్ దగ్గరుండి చూసినట్టు రాశాడు. పిల్లాడిని గుర్రమెక్కించి స్టేడియానికి తీసుకెళ్ళారు. జనం చప్పట్లు కొట్టి, రాజాసనం మీద కూర్చోబెట్టారు. కానీ దోషులు ఇంకా దొరకలేదు, జనం చల్లారలేదు. చుట్టూ ఎవరూ తెలిసిన మొహాలు కావు. పిల్లాడు బెదిరిపోతున్నాడని చూసి, అంగరక్షకుల్లో ఒకడు (చనిపోయిన మంత్రి సోసిబియస్ కొడుకే, పేరు కూడా సోసిబియస్) దగ్గరికొచ్చి అడిగాడు: నీకూ మీ అమ్మకీ ద్రోహం చేసినవాళ్ళని జనానికి అప్పగించమంటావా? పిల్లాడు తల ఊపాడు. ఆ ఊపునే రాజాజ్ఞగా ప్రకటించారు. అతను మాత్రం పిల్లాడిని అక్కడ ఉంచకుండా దగ్గర్లోని తన ఇంటికి తీసుకెళ్ళి, అన్నం పెట్టించే ఏర్పాటు చేశాడు.

ఆగాథోక్లీస్‌ని ఎవరో ముందే పొడిచి చంపారు. జనం చేతిలో పడకుండా పోయాడు కాబట్టి అది మేలు చేసినట్టే అంటాడు పోలీబియస్. ఆగాథోక్లియానీ, వాళ్ళ తల్లి ఓయినాంథేనీ, బంధువులనీ బట్టలూడదీసి స్టేడియానికి ఈడ్చుకొచ్చి, జనం తమ చేతులతోనే చీల్చి చంపారు. పోలీబియస్‌కి ఆగాథోక్లీస్ అంటే అసహ్యం, ఆ సంగతి గుర్తుపెట్టుకునే చదవాలి. అయినా ఒక ఏడేళ్ళ పిల్లాడు తల ఊపితే ఇంతమంది చచ్చారన్నది నాకు ఈ కథ మొత్తంలో మింగుడుపడని భాగం.

ఆ తర్వాత రాజ్యం ఎవరు నడిపారు?

ముందు ట్లెపోలెమస్. యుద్ధంలో దిట్టే గానీ ఖజానా విషయంలో చేతికి ఎముక లేదు. అడిగినవాడికల్లా పంచిపెట్టాడు. క్రీ.పూ. 201 ప్రాంతంలో అతన్ని పక్కకి నెట్టి అరిస్టోమెనీస్ వచ్చాడు. ఇతను ఒకప్పుడు ఆగాథోక్లీస్ మనిషే. అయినా రాజునీ, రాజ్యాన్నీ చక్కగా చూసుకున్నాడని పోలీబియస్ మెచ్చుకున్నాడు.

బయటి శత్రువులు ఎవరు? ఏమేం పోయాయి?

గద్దె మీద పిల్లాడున్నాడని తెలియగానే ఇద్దరు పెద్ద రాజులు కన్నేశారు. సిరియా వైపు సెల్యూకస్ వంశపు మూడో ఆంటియోకస్, మాసిడోనియాలో ఐదో ఫిలిప్. ఈజిప్టుకి బయట ఉన్న టాలెమీల భూముల్ని పంచుకోవడానికి వీళ్ళిద్దరూ లోపాయికారీ ఒప్పందం చేసుకున్నారని పోలీబియస్ చెబుతాడు.

క్రీ.పూ. 202లో మొదలైన ఆ పోరుని చరిత్రకారులు ఐదో సిరియా యుద్ధం అంటారు. అరిస్టోమెనీస్ కూలి సైన్యంతో స్కోపాస్ అనే సేనానిని (గ్రీసులోని ఏటోలియావాడు) పంపాడు. అతను మొదట కొంత గెలిచాడు. కానీ క్రీ.పూ. 200లో జోర్డాన్ నది పుట్టేచోటు దగ్గర పానియంలో చిత్తుగా ఓడిపోయాడు. మిగిలిన సేనతో సీదోనులో తలదాచుకున్నా, ముట్టడికి తట్టుకోలేక లొంగిపోయాడు. దాంతో పాలస్తీనా, ఫినీషియా, దక్షిణ సిరియా పోయాయి. వందేళ్ళుగా టాలెమీల చేతిలో ఉన్న నేల అది. ఆసియా మైనర్ తీరంలోనూ, థ్రేస్‌లోనూ ఉన్న ఊళ్ళూ పోయాయి. సైప్రస్, సైరీన్ మాత్రం నిలిచాయి. స్కోపాస్ అలెగ్జాండ్రియాకి తిరిగొచ్చి తిరుగుబాటుకి సిద్ధమవుతుంటే అరిస్టోమెనీస్ పట్టుకుని చంపించాడు.

దక్షిణాన ఇంకో ఫారో ఉండేవాడట, నిజమేనా?

నిజం. క్రీ.పూ. 205లో, అంటే తండ్రి ఇంకా బతికుండగానే, థీబ్స్‌లో హోర్‌వెన్నెఫర్ అనే ఈజిప్టువాడు ఫారోగా పట్టం కట్టుకున్నాడు. అతని తర్వాత క్రీ.పూ. 199 నుంచి ఆంఖ్‌వెన్నెఫర్ పేరు కనిపిస్తుంది. ఇద్దరూ ఒక్కరేననీ, మధ్యలో పేరు మార్చుకున్నాడనీ వాదించే పండితులూ ఉన్నారు. మధ్యలో కొన్నాళ్ళు ప్రభుత్వ సేనలు థీబ్స్‌ని తిరిగి పట్టుకున్నా, మొత్తం మీద దాదాపు ఇరవై ఏళ్ళు దక్షిణ ఈజిప్టు చేయిదాటిపోయింది.

ఇదేదో అడవుల్లో దాక్కున్న ముఠా కాదు. థీబ్స్‌లో రాసుకున్న దస్తావేజుల్లో తేదీ వేయడానికి టాలెమీ పాలనా సంవత్సరం బదులు ఈ రాజుల సంవత్సరం రాశారు. రేపు కోర్టులో చెల్లుతుందనుకుంటేనే కదా ఎవరైనా దస్తావేజు మీద ఆ తేదీ వేయించుకునేది! అబైడోస్‌లోని మొదటి సేతి గుడి గోడ మీద కూడా ఎవరో హోర్‌వెన్నెఫర్ పేరు గీశారు: ఫారో, ఐసిస్‌కీ ఒసిరిస్‌కీ ప్రియమైనవాడు, దేవతల రాజు ఆమోన్‌కి ప్రియమైనవాడు అని. భాష ఈజిప్టుది, అక్షరాలు గ్రీకువి. గ్రీకు రాజుని కాదన్న మాట గ్రీకు అక్షరాల్లోనే ఉంది.

ఎడ్ఫులోని హోరస్ గుడి గోడ మీద చెక్కిన కట్టడం చరిత్రలో కూడా ఈ తిరుగుబాటు నమోదైంది. నాలుగో టాలెమీ 16వ ఏట పని ఆగిపోయిందనీ, కొడుకు 19వ ఏట గానీ తిరుగుబాటు అణగలేదనీ అందులో ఉంది.

ఈజిప్టువాళ్ళు ఎందుకు తిరగబడ్డారు?

క్రీ.పూ. 217లో రాఫియా దగ్గర ఆంటియోకస్‌తో పెద్ద యుద్ధం జరిగింది. గ్రీకు సైనికులు చాలక, నాలుగో టాలెమీ 20,000 మంది ఈజిప్టువాళ్ళకి మాసిడోనియా పద్ధతిలో ఈటెల శిక్షణ ఇప్పించి బరిలోకి దింపాడు. గెలిచాడు. అయితే ఆ గెలుపుతో ఈజిప్టువాళ్ళకి తమ బలం తెలిసొచ్చిందనీ, తమకంటూ ఒక నాయకుణ్ణి వెతుక్కున్నారనీ పోలీబియస్ అంటాడు. అది కారణంలో సగమే. యుద్ధం ఖర్చంతా రైతు మీదే పడింది. పన్నులు, బాకీలు, నౌకాదళంలోకి బలవంతపు పట్టివేతలు. కట్టలేనివాళ్ళు పొలాలు వదిలి పారిపోయేవాళ్ళు. ఊరొదిలినవాళ్ళు తిరుగుబాటుదార్లతో కలిసేవాళ్ళు. గ్రీకువాళ్ళ మీద ద్వేషం ఎంతో, పన్ను వసూలుదారు మీద కోపం అంతకన్నా ఎక్కువని నేను అనుకుంటాను. ఇందుకు సాక్ష్యం రోసెట్టా రాయే.

రోసెట్టా రాయి మీద అసలు ఏం రాసి ఉంది?

క్రీ.పూ. 196 మార్చిలో ఫారోల పాత రాజధాని మెంఫిస్‌లో ఐదో టాలెమీకి ఈజిప్టు పద్ధతిలో పట్టాభిషేకం చేశారు. అందుకోసం దేశంలోని గుళ్ళ పూజారులు అక్కడ సమావేశమై, మార్చి 27 తేదీతో ఒక తీర్మానం చేశారు. రాయి మీద ఉన్నది ఆ తీర్మానం. పైన పవిత్ర చిత్రలిపి, మధ్యలో వాడుక ఈజిప్టు లిపి, కింద గ్రీకు.

రాజు చేసిన మేళ్ళన్నీ అందులో వరసగా ఉన్నాయి. కొన్ని పన్నులు ఎత్తేశాడు, కొన్ని తగ్గించాడు. పాత బాకీలు మాఫీ చేశాడు. ఏళ్ళ తరబడి జైళ్ళలో మగ్గుతున్నవాళ్ళని వదిలిపెట్టాడు. నౌకాదళం కోసం మనుషుల్ని బలవంతంగా పట్టుకుపోవద్దన్నాడు. గుళ్ళు కట్టాల్సిన సన్నని నారబట్టలో మూడింట రెండు వంతులు వదిలేశాడు. గుడి మాన్యాల మీద, ద్రాక్షతోటల మీద ఉన్న శిస్తు తీసేశాడు. అల్లర్ల రోజుల్లో ఎదురుతిరిగి వెళ్ళిన సైనికులు తిరిగొస్తే వాళ్ళ ఆస్తులు వాళ్ళకే ఉంటాయన్నాడు. పూజారులు ఏటా పడవెక్కి అలెగ్జాండ్రియాకి రానక్కర్లేదన్నాడు. ఏపిస్, మ్నెవిస్ అనే పవిత్ర వృషభాలకి కానుకలిచ్చాడు.

బదులుగా పూజారులు ఒప్పుకున్నవి: ప్రతి గుడిలో రాజు విగ్రహం, దానికి రోజుకి మూడుసార్లు సేవ, బంగారు మందసంలో ఇంకో ప్రతిమ, పుట్టినరోజుకీ పట్టాభిషేకం రోజుకీ నెలనెలా పండగ. చివర్లో, ఈ తీర్మానాన్ని గట్టి రాతి మీద మూడు లిపుల్లో చెక్కించి, మొదటి, రెండో, మూడో తరగతి గుళ్ళన్నిటిలో రాజు విగ్రహం పక్కన నిలబెట్టాలని ఆదేశం. రషీద్‌లో (యూరప్‌వాళ్ళు రోసెట్టా అన్నది ఈ ఊరినే) దొరికింది అలాంటి ప్రతుల్లో ఒకటి.

అయితే అది రాజు గొప్పదనం చెప్పే శాసనమేగా?

పైకి అలాగే ఉంటుంది. కానీ ఒక్కో మేలునీ తిరగేసి చదవండి. బాకీలు మాఫీ అంటే జనం కట్టలేకపోయారని. ఖైదీల విడుదల అంటే జైళ్ళు నిండాయని. తిరిగొచ్చినవాళ్ళకి ఆస్తులు ఇస్తామంటే, వెళ్ళిపోయినవాళ్ళు అంతమంది ఉన్నారని. దక్షిణాన ఇంకో ఫారో కూర్చుని ఉండగా, ఆ ఫారోకి ఆమోన్ పేరు అండగా ఉండగా, మెంఫిస్ పూజారుల మద్దతు లేకుండా ఈ పదమూడేళ్ళ రాజుకి దిక్కులేదు. వాళ్ళకీ రాజు కానుకలు కావాలి. ఇది బేరం కుదిరాక రాసుకున్న కాగితం.

ఇంకో చిన్న గుర్తు కూడా ఉంది. ఇతని తాత మూడో టాలెమీ కాలంలో, క్రీ.పూ. 238లో, పూజారులు సమావేశమైంది అలెగ్జాండ్రియా పక్కనే ఉన్న కనోపస్‌లో. అప్పుడు రాజు ఉన్నచోటికి పూజారులు వచ్చారు. ఇప్పుడు పూజారులున్న చోటికి రాజు వెళ్ళాడు.

అదే రాయి మీద లైకోపోలిస్ ముట్టడి కూడా ఉంది. ఇది ఉత్తరాన డెల్టాలో, తిరుగుబాటుదార్లు ఆయుధాలు కూడబెట్టుకున్న ఊరు. ఆ ఏడు నైలుకి పెద్ద వరద వచ్చింది. రాజు మనుషులు బాగా డబ్బు ఖర్చుపెట్టి కాలువల మూతులకి అడ్డుకట్టలు వేయించి, కాపలా పెట్టి, ఊరిని పట్టుకుని అందులోవాళ్ళని హతమార్చారు. తండ్రి కాలంలో తిరగబడిన నాయకుల్ని పట్టాభిషేకానికి వచ్చినప్పుడు మెంఫిస్‌లో శిక్షించారు. కరుణ గురించి రాసిన వాక్యాల పక్కనే ఇదీ ఉంది.

తిరుగుబాటు ఎప్పుడు, ఎలా ముగిసింది?

దక్షిణాన క్రీ.పూ. 186 ఆగస్టు 27న. సేనాని కోమానోస్ ఆంఖ్‌వెన్నెఫర్ సైన్యాన్ని, అతనికి సాయంగా వచ్చిన నూబియా సేననీ ఓడించాడు. ఆంఖ్‌వెన్నెఫర్ ప్రాణాలతో దొరికాడు, కొడుకు యుద్ధంలో పోయాడు. ఈ విజయం మీద పూజారులు చేసిన తీర్మానం ఫిలే గుడి గోడ మీద ఉంది. అందులో ఆంఖ్‌వెన్నెఫర్ దేవతల శత్రువు. ఆ వెంటనే రాజు, పారిపోయినవాళ్ళంతా భయం లేకుండా ఇళ్ళకి తిరిగి రావచ్చని ఫర్మానా ఇచ్చాడు. పొలం దున్నేవాళ్ళు లేకపోతే పన్ను ఎక్కడిది?

డెల్టాలో మాత్రం ముగింపు నీచంగా జరిగింది. మిగిలిన నాయకులు సాయిస్ ఊరికి వచ్చి, మాట నమ్మి లొంగిపోయారు. రాజు వాళ్ళ బట్టలూడదీయించి, బళ్ళకి కట్టి ఈడ్పించి, హింసించి చంపించాడు. పోలీబియస్ ఈ నమ్మకద్రోహాన్ని గట్టిగా తప్పుపట్టాడు. అప్పటికి రాజుకి పాతికేళ్ళు. ఇది ఎవరో మంత్రి చేసిన పని అని సర్దిచెప్పడానికి లేదు.

క్లియోపాత్రాకీ ఇతనికీ సంబంధం ఏమిటి?

మూడో ఆంటియోకస్ గెలిచాక సంధి కుదిరింది. క్రీ.పూ. 194, 193 చలికాలంలో తన కూతుర్ని ఐదో టాలెమీకిచ్చి రాఫియాలో పెళ్ళి చేశాడు. ఆమె పేరు క్లియోపాత్రా. టాలెమీల ఇంట్లోకి ఆ పేరు వచ్చింది ఆమెతోనే. తన మనిషి అల్లుడి ఇంట్లో ఉంటుందని ఆంటియోకస్ లెక్క. ఆమె మాత్రం భర్త పక్షానే నిలిచింది. వీళ్ళ పిల్లలే ఆరో టాలెమీ, ఎనిమిదో టాలెమీ, రెండో క్లియోపాత్రా. జూలియస్ సీజర్ కాలపు క్లియోపాత్రాకి మన ఐదో టాలెమీ తాతకి తాత.

ఎలా చనిపోయాడు?

క్రీ.పూ. 180లో, ముప్ఫై ఏళ్ళు నిండీ నిండకుండానే. పోయిన సిరియా భూముల కోసం మళ్ళీ యుద్ధానికి సిద్ధమవుతుంటే, డబ్బెక్కడిదని ఒక సేనాని అడిగాడట. నా స్నేహితులే నా డబ్బు అన్నాడట. మన ఆస్తులకే ఎసరు పెడతాడని భయపడి దర్బారీలు విషం పెట్టారని పాత గ్రంథాలు చెబుతాయి. అంతకు పదేళ్ళకి పైగా ముందు, తనని తండ్రిలా పెంచిన అరిస్టోమెనీస్ చేత ఇతను కూడా విషం తాగించాడు. విదేశీ దూత ముందు కొలువులో కునుకు తీస్తున్న రాజుని తట్టి లేపడం అరిస్టోమెనీస్ నేరమని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు.

మరి ఇతను చెడ్డ రాజా?

చిన్నప్పటి అల్లర్లకి, యుద్ధంలో ఓటమికి అతన్ని తప్పుపట్టడం అన్యాయం. అరిస్టోమెనీస్ చావు, సాయిస్ హత్యలు మాత్రం అతని ఖాతాలోవే. రెండు ముక్కలైన దేశాన్ని మళ్ళీ ఒకటి చేసి కొడుకుకి అప్పగించాడు, అదీ నిజమే.

టాలెమీల పేరు మన వైపు ఎక్కడైనా కనిపిస్తుందా?

కనిపిస్తుంది. అశోకుడు తన పదమూడో శిలాశాసనంలో పేరు పెట్టి చెప్పిన యవన రాజుల్లో 'తురమాయ' ఒకడు. అతను రెండో టాలెమీ, ఐదో టాలెమీకి ముత్తాత. అశోకుడి పధ్నాలుగు శిలాశాసనాల ప్రతి ఒకటి కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండల మీద ఉంది.

రాయి ఎలా దొరికింది? ఇప్పుడెక్కడుంది?

1799 జులైలో నెపోలియన్ సైన్యం రషీద్ దగ్గర పాత కోటని బాగుచేస్తుండగా బయటపడింది. ఫ్రెంచివాళ్ళు ఓడిపోవడంతో 1801 ఒప్పందం కింద ఇంగ్లీషువాళ్ళ చేతికి వెళ్ళి, 1802 నుంచి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. తిరిగి ఇవ్వాలని ఈజిప్టు నుంచి అడుగుతూనే ఉన్నారు. ఎత్తు 112 సెంటీమీటర్లు, బరువు సుమారు 760 కిలోలు. పై భాగం విరిగిపోవడంతో చిత్రలిపిలో 14 వరసలే మిగిలాయి. వాడుక లిపిలో 32, గ్రీకులో 54 ఉన్నాయి. 1822లో ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ చిత్రలిపి గుట్టు విప్పాడు. ఆ పనిలో ముందుగా పట్టు దొరికిన పేర్లలో ఒకటి, గుండ్రటి గీత మధ్య చెక్కిన 'టాలెమీ'. మ్యూజియానికి వెళితే ఆ గీత కోసం రాయి పై భాగంలో వెతకండి, అద్దం బయటినుంచే కనిపిస్తుంది.